మృతజీవియు బుద్ధియు : 'లిచ్' అను పాత్ర పుట్టుపూర్వోత్తరములు

ఆంగ్లమున 'అన్‌డెడ్' అను పదమొకటి కలదు. దానిని తెనిగింపబూనినవానికి మొదటి యడుగుననే చిక్కు కలుగును. అవయవార్థమును బట్టి చూచినచో 'అమృతుడు' అనియే యనవలెను. కాని మన వాఙ్మయమున అమృతులనగా దేవతలు, చావెఱుగనివారు. ఆంగ్లపదము చెప్పునది చచ్చియు పోనివానిని. 'ప్రేతము' అందమన్న, అది దేహమును వీడి పితృలోకమునకు బోవు దారిలోనున్న జీవుని పేరు. అపరక్రియలతో ఆ యవస్థ తీఱును. 'పిశాచము' ఒక జాతి పేరు. 'భూతము' పెక్కర్థములు గల మాట. ఒక మాటకు సరియైన మాట దొరకకపోవుట యెల్లప్పుడును భాష యొక్క కొఱత గాదు. ఆ మాట వెనుకనున్న భావన వేఱొక నేలపై మొలచినదని యది మనకు దెలుపును. కావున నీ వ్యాసమున 'మృతజీవి' యను పదమును గల్పించుకొని వాడుచున్నాను.

మృతజీవులు రెండు తెఱగులు. బుద్ధి నశించి పరుల యాజ్ఞచే గదలునవి కొన్ని; బ్రదికియున్న నాటి జ్ఞానమును, జ్ఞాపకమును, సంకల్పమును నిలుపుకొన్నవి మఱికొన్ని. రెండవ తెగకు జెందినవానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఇరువదవ శతాబ్దపు టుత్తరార్ధమున అమెరికాలో బుట్టిన రోల్‌ప్లేయింగ్ క్రీడలయందలి 'లిచ్'. దీని మూలమును గూర్చి ప్రచారమునందున్న యొక యభిప్రాయమును పరీక్షించుట యీ వ్యాసమునకు ముఖ్యోద్దేశము. ఆ పరీక్షయందు మన బాలనాగమ్మ కథకును ప్రసక్తి కలదు.

క్రీడాస్వరూపము

1974లో విస్కాన్సిన్ రాష్ట్రమునందలి లేక్ జెనీవా పట్టణమునుండి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను క్రీడ మూడు చిన్న పుస్తకములుగా వెలువడెను. గేరీ గైగాక్స్ (1938-2008), డేవ్ ఆర్నిసన్ (1947-2009) అనువారు దాని కర్తలు. ఇందు ఆటగాండ్రొక్కొక్కరు వీరుడో, మాంత్రికుడో, మతాచార్యుడో యగు పాత్రను ధరింతురు. నిర్వాహకుడొకడు లోకమును వర్ణించుచు, తక్కిన పాత్రల పక్షమున మాటాడును. సందేహము కలిగినచోట పాచికలు నిర్ణయించును. ఇది నాటకము గాదు, చదరంగమును గాదు. రెంటి గుణములును గొంతగొంత గలది. పాత్రలు అనుభవము గడించిన కొలది అంతస్తులవారిగా బలము పొందుచుండుట దీనియందలి ప్రధాన నియమము. ఈ నియమమే మన విషయమునకు గీలకమని ముందు దేలగలదు.

ఆ తొలి పుస్తకములలో మృతజీవులెనిమిది : అస్థిపంజరము, జాంబీ, ఘూల్, వైట్, రెయిత్, మమ్మీ, స్పెక్టర్, వేంపైర్. మతాచార్యుడు తన పవిత్రశక్తిచే వీనిని దఱుమగలడు. ఏ యంతస్తువాడు దేనిని దఱుమగలడో తెలుపు పట్టిక యొకటి కలదు. నేనిచ్చిన వరుస దానిలోనిదే. వరుస యడుగున నున్న అస్థిపంజరమును జాంబీయును తమ్ము లేపిన మంత్రగాని యాజ్ఞ లేనిదే కదలవు. కొననున్న వేంపైరు ఇతరులను తన వశము చేసికొనువాడు. మొదట నిలిచినది దాస్యము, తుద నిలిచినది ప్రభుత్వము. ఈ తారతమ్యమును క్రీడాకర్తలు బుద్ధిపూర్వకముగా నేర్పఱచిరని చెప్పజాలము. కాని వారు గ్రహించిన సామగ్రియం దది ముందే యుండెను. ఆ సామగ్రి చరిత్రను గొంత చూతము.

దాసుడు, కావలివాడు, ప్రభువు

జాంబీ హైతీ దేశపు భావన. ఆ దీవి ఫ్రెంచివారి యేలుబడిలో సాన్‌దొమింగ్ అను పేర నుండగా ఆఫ్రికానుండి గొనిరాబడిన బానిసలచే చెఱకుతోటలు సాగెను. 1791లో నారంభమైన తిరుగుబాటు 1804లో స్వాతంత్ర్యముతో ముగిసెను. అచ్చటి జానపదుల విశ్వాసము ప్రకారము జాంబీ యనగా మాంత్రికునిచే లేపబడి, తలపు లేక, తోటలలో పాటుపడు శవము. అచ్చటి ప్రజలకు భయము జాంబీ వలన గాదు. తాము జాంబీలగుదుమేమో యని. చావుతోనైన విడుదల లేని బానిసతనమే ఆ భయమునకు మూలము. విలియం సీబ్రుక్ 1929లో ప్రచురించిన 'ది మేజిక్ ఐలండ్' వలనను, 1932 నాటి 'వైట్ జాంబీ' చలనచిత్రము వలనను ఈ భావన అమెరికాలో వ్యాపించెను. ఆ ప్రయాణమున బానిస యొక్క దుఃఖము జాఱిపోయి, శవము యొక్క వికారము మాత్రము మిగిలెను.

'వైట్' అను మాట ప్రాచీనాంగ్లమున కేవలము 'ప్రాణి' యను నర్థము గలది. దానికి సమాధివాసి యను నర్థము గలిగించినది అనువాదము. విలియం మోరిస్, ఐరిక్ర్ మాగ్నుసన్ అనువారు ఐస్లాండు దేశపు గ్రెట్టిర్ గాథను 1869లో ఆంగ్లీకరించుచు, దిబ్బక్రింద వసించు మృతుని 'బారో-వైట్' అనిరి. టోల్కీన్ తన 1954 నాటి గ్రంథమున నా మాటను బ్రసిద్ధికి దెచ్చెను. ఆ గాథలయందలి మృతులు తమ ధనమును దామే కాచుకొందురు. గ్రెట్టిరునితో బోరాడిన గ్లామ్ర్ అనువాడు చచ్చినవాడయ్యు మాటాడును. ఓడిపోవుచు గ్రెట్టిరుని శపించును. ఆ శాపమున నా వీరునకు చీకటియన్న జీవితాంతము భయము గలుగును. ఇచ్చట మృతునకు బుద్ధి యున్నది, కాని యది తన సొత్తును దాటి పోదు.

వేంపైరు చరిత్ర మిక్కిలి గమనింపదగినది. 1732లో ఆస్ట్రియా సైన్యవైద్యుడు ఫ్లూకింగర్ సెర్బియాలోని యొక గ్రామమునుండి వ్రాసి పంపిన నివేదికలో ఆర్నోల్డ్ పావోలె అను నొకడు చచ్చినపిదప ఇరుగుపొరుగులను బీడించెనని గ్రామస్థులు చెప్పిన సంగతి యున్నది. ఈ వేంపైరు పల్లెటూరివాడు. సమాధిలో నుబ్బియున్న శవము. అతడు మాటకారి గాడు, మాయగాడును గాడు. 1819లో జాన్ పోలిడోరి 'ది వేంపైర్' అను కథను వ్రాసి యతనిని ప్రభువంశీయునిగా జేసెను. 1897లో బ్రామ్ స్టోకర్ 'డ్రాకులా'లో నతనికి కోటను, గ్రంథాలయమును, దూరాలోచనను నొసంగెను. అనగా పల్లెవాడు దొరయైనపుడే శవమునకు బుద్ధి వచ్చినది. పల్లెప్రజల విశ్వాసమున లేని యీ బుద్ధి నగరవాసులగు రచయితలిచ్చినది. బుద్ధిగల మృతజీవి కేవలము జానపదుల సృష్టి యనువారు ఈ విషయమును దలంపవలెను.

క్రీడాచరిత్రలో నొక సంఘటన దీనిని బలపఱచును. పుస్తకములు వెలువడుటకు ముందే ఆర్నిసన్ మినెసోటాలో నడపిన 'బ్లాక్‌మూర్' ఆటలో నొక ఆటగాడు సర్ ఫాంగ్ అను వేంపైరు పాత్రను ధరించెను. ఆ పాత్ర యితరులకు దుర్నివారమైనందున, దానిని నెదిరించుటకే మతాచార్యుడను పాత్ర యేర్పడెను. కావున మొదటి ప్రసిద్ధ బుద్ధిగల మృతజీవి నిర్వాహకుడు కల్పించిన శత్రువు గాదు. ఆటగాడే శత్రువైనాడు. ఈ విషయము మఱవదగదు.

లిచ్ అవతరణము

లిచ్ 1974 నాటి పట్టికలో లేదు. 1975లో గైగాక్సును రాబర్ట్ కుంట్జును గలసి ప్రకటించిన 'గ్రేహాక్' అను ననుబంధమున నది తొలుత గానవచ్చును. మాట మాత్రము పాతది. ప్రాచీనాంగ్లమున 'లీచ్' అనగా దేహము, శవము. ఇంగ్లండున చర్చి ప్రాంగణద్వారమునకు నేటికిని గల 'లిచ్‌గేట్' అను పేరు శవమును మోసికొనివచ్చి దింపు చోటు గనుక వచ్చినది. 1930 ప్రాంతముల క్లార్క్ ఆష్టన్ స్మిత్ తన కథలలో నీ మాటను శవమను నర్థముననే వాడెను. చచ్చిన మాంత్రికుడను విశేషార్థమునకు మూలము గార్డ్‌నర్ ఫాక్స్ 1969లో బ్రకటించిన కోథార్ కథలని గైగాక్స్ స్వయముగా జెప్పియున్నాడు. ఆ కథలలో అఫ్గోర్కాన్ అను మృతమాంత్రికుడు వీరునకు ఖడ్గమొకటి యిచ్చి, అది చేతనుండగా సంపద గూడబెట్టరాదని కట్టడి సేయును. అతడు శత్రువు గాడు. అతని ప్రాణము పరచోట దాగియున్నదను విషయముపై ఆ కథ నడువదు.

1977 నాటి 'మాన్‌స్టర్ మాన్యువల్'లో లిచ్ స్వరూపము స్థిరపడినది. పదునెనిమిదవ యంతస్తునకు దక్కువగాని మాంత్రికుడు తన సంకల్పబలముచేతను, మంత్రప్రయోగముచేతను, 'ఫిలాక్టరీ' యను వస్తువుచేతను మనుష్యత్వమును వీడి మృతస్థితిలో నిలుచునని యందుగలదు. గ్రీకుభాషలో 'ఫిలాక్టీరియోన్' అనగా రక్ష, తాయెత్తు. యూదులు ప్రార్థనవేళ నుదుటను భుజమునను ధరించు, వేదవాక్యములు గల తోలుపెట్టెలకు ఆంగ్లమున నిదియే పేరు. ఆ పుస్తకమున ఫిలాక్టరీ యాత్మకు పాత్ర యని చెప్పబడలేదు. అది రక్ష మాత్రమే.

ఇచ్చట ప్రచారమునందున్న యభిప్రాయమును బరిశీలింతము. లిచ్ రష్యా జానపదకథలలోని కొష్చేయ్ అనువాని రూపాంతరమని పలువురందురు. అఫనాస్యేవ్ 1855-1863 నడుమ బ్రకటించిన కథలలో నితడు గలడు. ఇతని మృత్యువు సూదిమొనయందును, సూది గ్రుడ్డులోను, గ్రుడ్డు బాతులోను, బాతు కుందేటిలోను, కుందేలు పెట్టెలోను, పెట్టె దీవిలోని చెట్టుక్రిందను నుండును. ప్రాణమును బయట దాచిన మాంత్రికుడు గనుక లిచ్ ఇతడే యని వాదము. వినుట కింపుగా నున్నను, మూడు కారణములచే నిది నిలువదు.

మొదటిది కాలక్రమము. 1975లోగాని 1977లోగాని లిచ్ ప్రాణము బయట లేదు. కొష్చేయ్ నుండి లిచ్ పుట్టియుండినచో కొష్చేయ్ యొక్క ప్రధానలక్షణమే మొదట నుండవలెను. అది తుదకు వచ్చి చేరినది.

రెండవది, ఆ లక్షణమునకు క్రీడలోనే మూలము గనబడుట. 1974 నాటి మొదటి పుస్తకమునందే 'మేజిక్ జార్' అను మంత్రము గలదు. దానిచే మాంత్రికుడు తన ప్రాణశక్తిని ఒక వస్తువునందుంచి పరదేహమున బ్రవేశింప యత్నించును. 1979 జూన్ నెలలో 'ది డ్రాగన్' పత్రిక 26వ సంచికలో లెన్ లకోఫ్కా యనునతడు లిచ్ అగు విధానమును వివరించుచు నొక వ్యాసము వ్రాసెను. లిచ్ కాగోరువానికి కావలసినవానిలో నతడు మేజిక్ జార్ మంత్రమును జేర్చెను. తాయెత్తును, ప్రాణము నిలుపు పాత్రయు నిచ్చట నేకమగుట కారంభించినవి. తరువాతి పుస్తకములలో ఫిలాక్టరీ యనగా ఆత్మను దాచు పెట్టె యను నర్థమే నిలిచినది.

మూడవది, కొష్చేయ్‌ను క్రీడాకర్తలు వేఱుగా నెఱుగుదురు. 1983 నాటి రెండవ 'మాన్‌స్టర్ మాన్యువల్'లో నతనిపేరే కొంచెము మార్చి 'కోస్ట్‌చ్చీ' యను దానవనాయకుడు వర్ణింపబడినాడు. అతడు లిచ్ గాడు. ఒకనిని పేరుపెట్టి యొకచోట నిలిపినవారు, అతనినే మఱియొకచోట మాఱుపేరుతో నిలిపిరనుటకు ప్రమాణము కావలెను. అట్టి ప్రమాణము చూపబడలేదు.

మన కథలతో బోలిక

ఈ వాదమున నాకు గల శ్రద్ధకు గారణము మన బాలనాగమ్మ కథ. ఏడు సముద్రముల కావల చిలుకలో బ్రాణమును దాచుకొన్న మాయల మరాఠీని, వాని జాడ గనిపెట్టి చిలుకను జంపిన బాలవర్ధిరాజును ఎఱుగని తెలుగువాడుండడు. 1942లో జెమినీవారు దీనిని చలనచిత్రముగ దీసిరి. మేరీ ఫ్రియర్ 1868లో బ్రకటించిన దక్కను కథల సంపుటమున 'పంచ్‌కిన్' అను మాంత్రికుడును ఇట్లే చిలుకలో బ్రాణమును దాచినవాడు. ఫ్రేజర్ 'ది గోల్డెన్ బౌ'లో నీ కథను, కొష్చేయ్ కథను నొక్కచోట జేర్చి చర్చించెను. క్రీస్తుపూర్వము పదుమూడవ శతాబ్దాంతమునకు జెందిన ఈజిప్టు పపైరస్‌లోని యిద్దఱన్నదమ్ముల కథలోను హృదయమును చెట్టుపూవుపై నుంచిన సంగతి గలదు. ఇంత వ్యాపకమైన కథాంశమును జూచి, లిచ్ మాయల మరాఠీ సంతతి యనుట మన యభిమానమునకు సంతోషము గలిగించును. కాని పోలిక వేఱు, పుట్టుక వేఱు. పోలికను జూపుటకు రెండు కథలు చాలును. పుట్టుకను జూపుటకు దారి కావలెను : ఎవరు, ఎప్పుడు, ఏ పుస్తకమున జదివి, ఏ పుస్తకమున వ్రాసిరను దారి. కొష్చేయ్ విషయమున మనమడిగిన ప్రమాణమును బాలనాగమ్మ విషయమున నడుగకుండుట న్యాయము గాదు.

పుట్టుకను విడిచి తత్త్వమును బోల్చినచో మాత్రము లాభము గలదు. మాయల మరాఠీ బ్రదికియున్నవాడు. ప్రాణమును భద్రపఱచుకొన్నాడేగాని చావలేదు. లిచ్ ముందు చచ్చును. బేతాళుని జూతము. సోమదేవుని కథాసరిత్సాగరమునందును, దానినుండి వచ్చిన కథలయందును బేతాళుడు శవమునందు జేరి విక్రమార్కునితో మాటాడును, చిక్కుప్రశ్నలు వేయును, తుదకు కపటభిక్షువు తంత్రమును దెలిపి రాజును రక్షించును. బుద్ధికి లోటు లేదు. కాని యా బుద్ధి శవముది గాదు. శవము బేతాళునకు విడిదియిల్లు మాత్రమే. చచ్చినవాని బుద్ధి చచ్చినవాని దేహమునందే నిలిచియుండుట మన కథలలో నరుదు. కర్మమును, జన్మాంతరమును నమ్మిన సమాజమున జీవుడు పాతదేహమును బట్టుకొని వ్రేలాడవలసిన పని లేదు.

లిచ్‌నకు మిక్కిలి దగ్గఱగా వచ్చువాడు బ్రహ్మరాక్షసుడు. ఇతడు చదువుకొన్నవాడు, చచ్చియు చదువును మఱవనివాడు. కాని బ్రాహ్మణుని సొమ్మపహరించుట మొదలగు పాపములు సేసినవానికి ఆ జన్మము వచ్చునని మనుస్మృతి పన్నెండవ యధ్యాయము చెప్పును. అనగా నది శిక్ష. లిచ్ స్థితి కోరి తెచ్చుకొన్నది. బ్రహ్మరాక్షసుడు విడుదలకై యెదురుచూచును. లిచ్ విడుదలకే భయపడును. ఒక కథయందు పాపమునకు ఫలముగా వచ్చినది, మఱియొకదానియందు విద్యకు ఫలముగా వచ్చినది. రెండు నాగరికతలు విద్యామదమును గూర్చి యెట్లు తలచినవో యీ భేదమున దెలియును.

బుద్ధిలేనిది దుష్టమగునా?

క్రీడ ముదిరిన కొలది బుద్ధిని గూర్చిన ప్రశ్న నియమరూపమును దాల్చెను. 2000లో వెలువడిన మూడవ కూర్పున బుద్ధిలేని మృతజీవులకు బుద్ధిసంఖ్య యనునదే లేకుండజేసిరి. మనస్సు లేదు గనుక మనస్సుపై బనిచేయు మంత్రములు వానికి దగులవు. 1977లో అస్థిపంజరము శుభాశుభములు రెండును లేని తటస్థము. 2003 నాటి సవరణమున నది దుష్టమని వ్రాయబడినది. తలపు లేనిదానికి దౌష్ట్యమెట్లు గలుగును? దోషము లేపినవానిది గాని లేచినదానిది గాదు గదా! హైతీ బానిసయందు జాలిని మఱచిన లోకము, వాని శవమునందు బాపమును గూడ మోపినట్లైనది. దీనిని జిన్నవిషయమని త్రోసివేయరాదు. ఆటనియమములలో నెవని నిరపాయముగ జంపవచ్చునో యను నిర్ణయము గలదు. ఆ నిర్ణయమునకు దుష్టుడను ముద్ర యవసరమైనది.

మఱియొక వంక బుద్ధిగల మృతజీవి యాటగాని పాత్రగా మరల వచ్చెను. మార్క్ రైన్-హేగన్ ప్రధానముగా రచించిన 'వేంపైర్ : ది మాస్కరేడ్' 1991లో వెలువడినది. అందు ఆటగాండ్రందఱును వేంపైర్లే. తనలోని మృగమును దానెట్లు నిగ్రహించుకొందునను ప్రశ్నయే యందు ప్రధానము. ఆన్ రైస్ 1976లో వ్రాసిన నవల దీనికి దారితీసినవానిలో నొకటి. సర్ ఫాంగ్ నాటి యాకస్మికము ఇరువదేండ్లకు సిద్ధాంతమైనది.

ఫిలాక్టరీ యను మాటకును మార్పు వచ్చినది. యూదుల పూజాద్రవ్యపు పేరు దుష్టమాంత్రికుని పెట్టెకు దగదను నాక్షేపణ యుండెను. 'పాత్‌ఫైండర్' అను క్రీడలో 'సోల్ కేజ్' అనియు, 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' యొక్క 2025 నాటి 'మాన్‌స్టర్ మాన్యువల్'లో 'స్పిరిట్ జార్' అనియు మార్చిరి. రెండవ పేరున 1974 నాటి 'జార్' అను మాట మరల వినబడుట గమనింపదగినది. పేరు మూలమునకు దిరిగి వచ్చినది.

ఉపసంహారము

పై చర్చవలన దేలినవి మూడు. మృతజీవులలో బుద్ధికిని ప్రభుత్వమునకును, బుద్ధిహీనతకును దాస్యమునకును చిరకాలసంబంధము గలదు. ఆ సంబంధము క్రీడలకు బూర్వచరిత్రనుండి సంక్రమించినది. లిచ్ ఏ యొక్క జానపదకథకును సంతతి గాదు. శవవాచకమైన పాతమాట, 1969 నాటి కథ, తాయెత్తు, ప్రాణము నిలుపు మంత్రము - ఈ నాలుగును ఇంచుమించు పదేండ్లలో నొకచోట గూడుటచే నది యేర్పడినది. ఇక మూడవది. పదునెనిమిదవ యంతస్తునకెక్కిన మాంత్రికుడనగా నెవడు? ఆటలో బహుకాలము నెగ్గిన యాటగాడే. విద్యయు బలమును గడించి, ఆటనుండి లేచిపోవుట కిష్టపడనివాడే లిచ్. సర్ ఫాంగ్ మొదలుకొని శత్రురూపమున నాటగానికెదురుగా నిలిచినది అతని నీడయే. ఈ పాత్ర యిన్నేండ్లు నిలుచుటకు గారణమును కొష్చేయ్ గ్రుడ్డులో వెదకుటకంటె నిచ్చట వెదకుట మేలని నా యభిప్రాయము.

పరిశోధకులగు విద్యార్థులకొక మనవి. పోలికలు మనలను ముందు పలుకరించును; తేదీలు మనము పోయి పిలిచిననేగాని పలుకవు. బాలనాగమ్మ కథపై బనిచేయువారు దేశదేశముల చిలుకలను గ్రుడ్లను జూచి యానందింపవచ్చును. కాని ఏ చిలుక యే గ్రుడ్డునుండి వచ్చినదో చెప్పుటకు ముందు, నడుమనున్న సముద్రములను లెక్కింపవలెను.